జాడీలో ఆవకాయ, షోకేసులో పూలకూజా: గ్లేజు వెనక మంట లెక్క

గుంటూరు వంటింట్లో గిన్నెల బతుకు అంత తేలిక కాదు. గుప్పిళ్ళకొద్దీ ఉప్పు, పళ్ళు జివ్వుమనే గోంగూర, పచ్చి చింతకాయ తొక్కు, పైకి తేలిన నువ్వులనూనె. వీటన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి మళ్ళీ మామిడికాయల కాలం వచ్చేదాకా కాపాడాలి. ఈ పని ఇనుముకు అప్పజెబితే తుప్పు పడుతుంది. ఇత్తడికిస్తే కిలుం పడుతుంది. అల్యూమినియాన్ని ఉప్పూ పులుపూ కలిసి కొరికేస్తాయి. ప్లాస్టిక్ డబ్బా పచ్చడి రంగూ వాసనా పీల్చుకుని ఇంక దేనికీ పనికిరాదు. మట్టికుండ చెమరుస్తుంది. అందుకే మన పెద్దవాళ్ళు జాడీ దగ్గర ఆగారు. మూతికి వాసెన కట్టి అటక మీద పెట్టేస్తే ఇంక ఆ పచ్చడి గురించి బెంగ లేదు.

ఆ జాడీకి చుట్టాలైన పాత్రలు ఇప్పుడు బెజవాడలో బాగా కనిపిస్తున్నాయి. చేత్తో చేసిన కాఫీ కప్పులు, పెరుగు గిన్నెలు, పూలకూజాలు, గోడకు తగిలించే పళ్ళేలు. ఎగ్జిబిషన్లలో స్టాళ్ళు, రోడ్డు పక్కన గడ్డి పరిచి పేర్చిన, ఉత్తరాది నుంచి వచ్చే ఖుర్జా సామాను, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే చిన్న స్టూడియోలు. "ఇందులో పులుసు పోసుకోవచ్చా అండీ?" అని అడిగితే "భేషుగ్గా పోసుకోండమ్మా, చేత్తో చేసింది, కెమికల్స్ ఏమీ ఉండవు" అంటారు. అడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. లోపలి మట్టి నీళ్ళు పీలుస్తుందా? పైపూత పులుపుకు కరుగుతుందా? పాత్ర వేడికి తట్టుకుంటుందా? ఒకదానికి ఔనంటే మిగతా రెండింటికీ ఔనని అర్థం కాదు. చేత్తో చేశారా, అచ్చులో పోశారా అన్నదానికీ ఈ మూడింటికీ అసలు సంబంధమే లేదు. అంతా మంట దగ్గర తేలుతుంది: ఎంత వేడిలో కాల్చారు, ఆ వేడికి ఏ పూత వేశారు.

ముందుగా మెరుపు సంగతి. మట్టిపాత్రకు మెరుపు మూడు దారుల్లో వస్తుంది, అమ్మేవాళ్ళు మూడింటినీ గ్లేజనే అంటారు. మొదటిది రుద్దుడు. ఆరీ ఆరని కుండను నున్నటి గులకరాయితో రుద్దితే పైనున్న మట్టి రేణువులు చదునుగా పరుచుకుని నిగనిగలాడతాయి. ధరణికోట తవ్వకాల్లో దొరికిన పాత నలుపు-ఎరుపు పాత్రల నునుపు ఈ కోవలోదే. అక్కడ పూత లేదు, ఉన్నదంతా మట్టే. రెండోది పెయింటు. ఎర్రమట్టి కూజాకు ఎనామిల్ రంగు పూసి, పైన వార్నిష్ కొట్టి, పట్టపగలు గ్లేజు పాటరీ అని అమ్మేస్తున్నారు. గుమ్మం పక్కన పెట్టి నెమలీకలు గుచ్చుకోవడానికి దానికేం లోటు లేదు, మజ్జిగ మాత్రం పోయకూడదు. అడుగున ఓ మూల గుండుసూదితో గీకి చూడండి. పెయింటైతే పొరగా లేస్తుంది. గ్లేజైతే సూదే అరిగి నల్లటి గీత పడొచ్చు, పూత మాత్రం లేవదు. మూడోది అసలైన గ్లేజు, అంటే మంటలో కరిగి మట్టికి అతుక్కుపోయిన గాజు. మిగతా వ్యాసమంతా ఈ మూడోదాని గురించే.

పాత్రను బోర్లించండి

గ్లేజు పాత్ర కొనేటప్పుడు అందరూ పైభాగం చూస్తారు. చూడాల్సింది అడుగు. కాల్చేటప్పుడు గాజు కరిగి బట్టీ అరకు అంటుకుపోకుండా కుమ్మరి అడుగు అంచున పూత తుడిచేస్తాడు. కాబట్టి ఎంత అలంకరించిన పాత్రకైనా అక్కడ లోపలి మట్టి బయటపడుతుంది. ఆ మట్టి మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క చుక్కలాగే నిలబడితే మట్టి గట్టిగా కాలింది. చప్పున ఇంకిపోతే లోపలంతా రంధ్రాలే.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే మంట మెట్లు తెలియాలి. సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య మట్టిలో రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు వెళ్ళిపోతుంది. ఆ మెట్టు దాటిన మట్టిని ఎన్నాళ్ళు నానబెట్టినా మళ్ళీ బురద కాదు. మన కుమ్మరి ఆవం, గడ్డీ పిడకలూ చితుకులూ పేర్చి కాల్చేది, దాదాపు 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళుతుంది. అక్కడ మట్టి గట్టిపడుతుంది గానీ రేణువుల మధ్య ఖాళీలు అలాగే ఉంటాయి. మండువేసవిలో కుండలో నీళ్ళు చల్లబడటానికి ఆ ఖాళీలే కారణం. నీరు సన్నగా బయటికి ఊరుతుంది, ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఇంకా పైకి, 1200 డిగ్రీలు దాటి వెళితే మట్టి మిశ్రమంలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి గాజుగా మారి ఆ ఖాళీలను లోపలినుంచే పూడ్చేస్తుంది. దాన్నే స్టోన్‌వేర్ అంటారు. జాడీ అదే. ఇంకా తెల్లటి, శుభ్రమైన మట్టితో ఇంకా పైకి తీసుకెళితే పింగాణీ. అంటే మంచి జాడీ పూత లేకపోయినా నీళ్ళు ఆపగలదు. పూత ఉన్నది నున్నగా ఉండటానికి, సులువుగా కడుక్కోవడానికి, కారం మరకలు పట్టకుండా ఉండటానికి. తక్కువ మంటలో కాలిన పాత్రకు పరిస్థితి తలకిందులు. అక్కడ నీళ్ళను ఆపే భారమంతా ఆ పలచటి పూత మీదే పడుతుంది. పూతలో ఒక్క పగులు వచ్చిందంటే కథ ముగిసింది.

మరి మన కుమ్మరులు ఎందుకు గ్లేజు వెయ్యలేదు? ఈ ప్రశ్నకు "వాళ్ళకు తెలియదు, వెనకబడిపోయారు" అని తేల్చేసేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ జవాబు నచ్చదు, రెండు కారణాలున్నాయి. మొదటిది మట్టి. చెరువుల్లోంచీ కాలవగట్లనుంచీ తెచ్చే మట్టిలో ఇనుమూ మిగతా ఖనిజాలూ ఎక్కువ. అలాంటి ఎర్రమట్టి సాధారణంగా స్టోన్‌వేర్ మంటకు నిలవదు. మిగతా మట్లు గట్టిపడే చోట అది ఉబ్బి, మెత్తబడి, కూలబడిపోతుంది. రెండోది అవసరం. వాళ్ళు చేసే సరుకు కుండా చట్టీ. కుండకు గ్లేజు పూస్తే నీళ్ళు చల్లబడవు. చట్టికి పూస్తే పొయ్యి మీద పగిలే భయం పెరుగుతుంది, ఎందుకో కాసేపట్లో చెబుతాను. చేసే వస్తువుకు అక్కరలేని పూతను వాళ్ళు వెయ్యలేదు, అంతే.

విచిత్రం ఏమిటంటే గ్లేజుకు కావలసిన ముడిసరుకు దాదాపు అంతా మన చుట్టూనే ఉంది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల నేలలో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి దొరుకుతాయి. ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే తవ్వుతారు, పాత్ర ఒంటికీ పూతకూ కూడా పనికొచ్చే మట్టి అది. పిడుగురాళ్ళ సున్నం గురించి పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. రైసుమిల్లుల్లో గుట్టలుగా పోసే ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి, కాస్త మట్టి, కాస్త బూడిద. తూర్పు ఆసియా దేశాల్లో వందల ఏళ్ళుగా వాడిన స్టోన్‌వేర్ గ్లేజులకు మూలసరుకు ఇదే. ఇక్కడ ఓపికున్న స్టూడియో కుమ్మరి ఎవరైనా ఈ చుట్టుపక్కల సరుకుతోనే ఒక గ్లేజు తయారుచేస్తే దాన్ని నేను ముందు వరసలో నిలబడి కొంటాను.

గాజు ఎలా కరుగుతుంది, సీసం ఎందుకొచ్చింది

గ్లేజులో ముగ్గురు పనివాళ్ళు ఉంటారు. గాజయ్యేది సిలికా. కానీ ఒంటరిగా సిలికా కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి, ఏ కుమ్మరి బట్టీ అంత వేడెక్కదు. అందుకని దాని కరిగే వేడిని కిందికి లాగే పదార్థాలు కలుపుతారు: సోడియం, పొటాషియం, కాల్షియం, బోరాన్, సీసం. వీటిని ఫ్లక్స్ అంటారు. మూడోది అల్యూమినా, మట్టిలోంచి వస్తుంది. కరిగిన గాజు పాత్ర గోడ మీదనుంచి జారిపోకుండా చిక్కగా పట్టి ఉంచేది అదే. అరిసెల పాకం తెలిసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది: లేతగా ఉంటే జారిపోతుంది, ముదిరితే పట్టు వదిలేస్తుంది, మధ్యలో సరైన అదను ఒకటే.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. సారె మీద తీసిన పాత్రను బాగా ఆరబెట్టి ఒకసారి 900, 1000 డిగ్రీల దగ్గర కాలుస్తారు. దాన్ని బిస్క్ అంటారు. అది ఇంకా రంధ్రాలమయమే. నీళ్ళలో కలిపిన గ్లేజు పొడిలో ముంచగానే ఆ రంధ్రాలు నీటిని లాగేసుకుంటాయి, పొడి పైన సమంగా పేరుకుంటుంది. అప్పటికి చూస్తే సున్నం వేసినట్టుంటుంది, రాబోయే రంగు ఏమీ తెలియదు. రెండోసారి కాల్చినప్పుడే అది గాజవుతుంది. జాడీ మీద గోధుమరంగు ఇనుము ఇచ్చింది. ఇనుమే ఒకటి రెండు శాతం ఉండి, బట్టీలో గాలి తగ్గించి పొగమంటలో కాలిస్తే లేత ఆకుపచ్చ వస్తుంది. రాగి మామూలు మంటలో పచ్చన, గాలి తగ్గిన మంటలో ఎరుపు. కోబాల్టు ఎటు కాల్చినా నీలమే. చేత్తో చేసిన రెండు కప్పులు ఒకేలా ఉండకపోవడానికి చేతి కన్నా బట్టీలో మంట నడిచిన దారే ఎక్కువ కారణం.

ఇక సీసం. ఫ్లక్స్‌లన్నిటిలో వాడటానికి అంత సుఖమైనది ఇంకోటి లేదు. 900 డిగ్రీల లోపే కరిగిస్తుంది, అద్దంలా మెరుపిస్తుంది, రంగులు నిండుగా పలుకుతాయి, చిన్నచిన్న తప్పులు కప్పేస్తుంది. పేద కుమ్మరి తక్కువ కట్టెలతో గొప్ప మెరుపు సాధించాలంటే దారి అదే అయింది. చైనాలో 7 నుంచి 10వ శతాబ్దం దాకా తాంగ్ రాజుల కాలంలో పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు కారినట్టుండే గుర్రాలు, ఒంటెలు చేశారు. మ్యూజియంలలో అవే ఇప్పటికీ జనాన్ని ఆపేస్తాయి. అవి సీసం గ్లేజువి, ఎక్కువగా సమాధుల్లో పెట్టడానికి చేసినవి. అదే చైనా రేవుల నుంచి ఓడలెక్కించిన తిండి గిన్నెలు మాత్రం ఎక్కువ మంటలో కాలిన లేత ఆకుపచ్చ సెలడాన్, ఆ తర్వాత నీలం-తెలుపు పింగాణీ. చూడటానికి ఒకటి, తినడానికి ఒకటి అన్న విభజన ఆ రోజుల్లోనే ఉంది.

ఆ తిండి గిన్నెలు మన తీరానికీ వచ్చాయి. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఓడ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించింది ఆ రేవులోనే. అందులో చీనా కర్పూరం, పట్టునూలు, ముత్యాలు, పగడాల మీద సుంకాల లెక్కలున్నాయి. బర్మాలోని మర్తబాన్ రేవు పేరు మీద పిలిచే పెద్ద గ్లేజు జాడీలు కూడా ఆ సముద్రమంతా తిరిగేవి. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా తనకు ఓడ ప్రయాణం కోసం ఇచ్చిన మర్తబాన్ జాడీల గురించి రాశాడు. వాటిలో ఉన్నవి ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు. మిరపకాయ ఇంకా మన దేశానికి రాలేదు, కాబట్టి దాన్ని ఆవకాయ అనలేం. కానీ జాడీ చేసే పని అప్పటికే ఇదన్నమాట.

సీసం ప్రమాదం ఎక్కడ మొదలవుతుందంటే పులుపు దగ్గర. గ్లేజులో సీసం గట్టిగా బంధించి ఉంటే కదలదు. పూత సరిగ్గా కుదరకపోయినా, పూర్తిగా కాలకపోయినా పులుపు దాన్ని కొద్దికొద్దిగా బయటికి లాగుతుంది. పచ్చరంగు కోసం సీసం గ్లేజులో రాగి కలిపితే ఆ కారడం ఇంకా పెరుగుతుంది. ఒంట్లో చేరిన సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, దానికి ఇంత వరకు ఫరవాలేదనే హద్దు లేదు. మెక్సికోలో తక్కువ మంట సీసం గ్లేజు పాత్రల్లో వండుకుని తినేవాళ్ళ ఒంట్లో సీసం పేరుకోవడం ఏనాటినుంచో ఉన్న సమస్య. ల్యాబుల్లో ఈ పరీక్షకు వాడేది 4 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే దాదాపు వంటింటి వెనిగరే. గది వేడిలో 24 గంటలు పాత్రలో ఉంచి ఎంత సీసం, ఎంత కాడ్మియం దిగిందో కొలుస్తారు. కాడ్మియం ఎందుకంటే నిప్పులాంటి ఎరుపు, నారింజ, పసుపు రంగులు చాలావరకు దాని చలవే.

ఇప్పుడు మన లెక్క చూడండి. ల్యాబులో 24 గంటలు. కాఫీ కప్పులో పావుగంట. నిమ్మకాయ పచ్చడి ఏడాది. నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్, గోంగూరలో ఆక్జాలిక్. కొన్ని గ్లేజుల మీద సిట్రిక్ ఆమ్లం వెనిగర్ కన్నా గట్టిగా పనిచేస్తుంది. అందుకే నా మాట కఠినంగా ఉంటుంది: వేయించిన పప్పులు పెట్టుకోవడానికి కాస్త అనుమానం ఉన్న పాత్ర అయినా సర్దుకోవచ్చు, చట్నీ వడ్డించుకోవడానికి అడిగి తెలుసుకోవాలి, ఊరగాయకు మాత్రం స్టోన్‌వేర్ తప్ప ఇంకోటి వద్దు. స్టోన్‌వేర్‌తో ఉన్న లాభం ఏమిటంటే 1200 దాటిన మంటలో గ్లేజు కరగడానికి సీసంతో పనే ఉండదు. ఫెల్డ్‌స్పార్, సున్నమే ఆ పని చేసేస్తాయి.

సీసం లేదన్నంతలో అంతా బాగున్నట్టు కాదు. మెరుపు లేని మ్యాట్ గ్లేజులు ఈమధ్య మోజు. వాటిలో కొన్ని సరిగ్గా కరగనివి, కొన్ని రంగు కోసం రాగి, మాంగనీసు మోతాదు మించి వేసినవి. చెంచా గీతలు పడుతున్నాయా, పసుపు మరక కడిగినా పోవడం లేదా అని చూస్తే పూత ఎంత గట్టిదో తెలిసిపోతుంది. తెలివైన కుమ్మరి రంగుల ఆటంతా బయటివైపు ఆడి లోపల తెల్లటి, లేదా రంగులేని నున్నటి గ్లేజు వేస్తాడు. లోపలివైపు సాదాగా ఉండటం నాకైతే మంచి కుమ్మరి గుర్తు.

వెంట్రుకవాసి పగుళ్ళు

కొత్త కప్పు కొన్న కొన్నాళ్ళకు గ్లేజులో సన్నటి గీతల వల కనిపిస్తుంది. కొన్నిసార్లు బట్టీలోంచి తీసినప్పుడే టింగుటింగుమని చప్పుడు చేస్తూ పడతాయి. చల్లబడేటప్పుడు గాజూ ముడుచుకుంటుంది, మట్టీ ముడుచుకుంటుంది. గాజు ఎక్కువ ముడుచుకుంటే అది మట్టిని కప్పడానికి చాలదు, సాగలేక చిట్లుతుంది. దీన్నే క్రేజింగ్ అంటారు. తారుమారై మట్టే ఎక్కువ ముడుచుకుంటే అంచుల దగ్గర పూత పెచ్చులుగా ఊడుతుంది. ఇది మరీ ప్రమాదం, గాజు పెంకు అన్నంలోకి వస్తుంది.

షోకేసు సరుకులో ఈ గీతలు తప్పు కాదు. కావాలని పగుళ్ళు తెప్పించి సిరా ఎక్కించి అందం చేసే సంప్రదాయం చైనాలో ఎన్నో వందల ఏళ్ళనాటిది. తిండి పాత్రలో అయితే లోపలి మట్టి ఏదన్నదే తేలుస్తుంది. కింద స్టోన్‌వేర్ ఉంటే గీతల్లో దిగినదానికి ముందుకు పోయే దారి లేదు, పాత్ర బలం కాస్త తగ్గుతుంది, అంతే. కింద రంధ్రాల మట్టి ఉంటే నూనె లోపలికి దిగి కనరు వాసన మొదలవుతుంది, ఎంత తోమినా పోదు. ఉప్పు ఇంకా మొండిది. ఉప్పునీరు మట్టిలోంచి బయటి గోడ దాకా ఊరి, నీరు ఆవిరై, ఉప్పు అక్కడే పలుకులుగా గట్టిపడుతుంది. ఆ పలుకులు పెరుగుతూ పైనున్న గ్లేజునే పొట్టులా లేపేస్తాయి. ఊరగాయ పెట్టిన పాత్ర బయట తెల్లగా పూత పూసినట్టుంటే లోపల జరుగుతున్నది ఇదే. ఆ పాత్ర ఊరగాయకు పనికిరాదని అర్థం.

చట్టి నిలుస్తుంది, జాడీ పగులుతుంది

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. జాడీ చట్టి కన్నా ఎన్నో రెట్లు గట్టిది. అయినా చేపల పులుసు చట్టి గ్యాసు మంట మీద గంట ఉడికినా చెక్కుచెదరదు. స్టోన్‌వేర్ గిన్నెను అదే మంట మీద పెడితే కాసేపటికి ఠక్కుమంటుంది. బలమైనది ఓడి బలహీనమైనది గెలవడం ఎలా?

మంట తగిలినచోట పాత్ర వ్యాకోచిస్తుంది, తగలనిచోట వ్యాకోచించదు. ఆ లాగులాటలో ఎక్కడో ఒక పగులు పుడుతుంది. చట్టి మట్టిలో కుమ్మరి కలిపిన ఇసుక రేణువులు, కాల్చినప్పుడు మిగిలిన ఖాళీలు ఉంటాయి. పుట్టిన పగులు కాస్త నడిచి ఒక ఖాళీలో పడి ఆగిపోతుంది. స్టోన్‌వేర్‌లో ఖాళీలు లేవు, గాజులా ఏకంగా ఉంటుంది, పగులుకు అడ్డే లేదు. పుట్టిన పగులు అంచు దాకా పరుగెత్తుతుంది. దానికి తోడు గ్లేజు వేరే లెక్కలో వ్యాకోచిస్తుంది. చట్టికి గ్లేజు పూస్తే పగిలే భయం పెరుగుతుందన్నది ఇందుకే. మంట మీద పెట్టగలిగే ప్రత్యేక మిశ్రమాలు ఉన్నాయి, వాటిని చేసేవాళ్ళు ఆ సంగతి చెప్పే అమ్ముతారు. చెప్పలేదంటే పొయ్యి మీద పెట్టకూడదనే.

ఫ్రిజ్‌లోంచి తీసిన కప్పులో మరిగే కాఫీ పోయడం కూడా ఈ తప్పే. మైక్రోవేవ్‌లో స్టోన్‌వేర్ ఇబ్బంది పెట్టదు, బంగారు గీత ఉంటే మాత్రం నిప్పురవ్వలొస్తాయి. అన్నం కన్నా గిన్నే ఎక్కువ వేడెక్కుతోందంటే మట్టిలోకి నీరు దిగిందన్నమాట, పాత్ర సరిగ్గా కాలలేదని ఇంకో సాక్ష్యం.

కొనేచోట

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వచ్చే సరుకు మన రోడ్ల మీద ఎక్కువ. అందులో నాణ్యమైన స్టోన్‌వేర్ చాలా ఉంది, కానీ చేత్తో చేసిందన్న మాట అన్నిటికీ వర్తించదు. అచ్చులో పోసినవాటికి పక్కన సన్నటి అతుకు గీత ఉంటుంది, పది కప్పులూ పది కవలలు. సారె మీద తీసినదానికి లోపల వేళ్ళు నడిచిన వలయాలు చేతికి తగులుతాయి, అడుగున చుట్టలు చుట్టిన జాడ ఉంటుంది. అచ్చు సరుకు తక్కువదని కాదు, చేతిపనికిచ్చే ధర దానికి ఇవ్వనక్కర్లేదని.

జైపూర్ బ్లూ పాటరీ సంగతి వేరు. దాని అందానికి వంక పెట్టలేం. అయితే అందులో మామూలు కుమ్మరి మట్టే ఉండదు, పలుగురాయి పొడి, గాజుపొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపిన ముద్దను అచ్చుల్లో అదిమి తక్కువ మంటలో కాలుస్తారు. పెళుసు, లోపల రంధ్రాలు. తలుపు గుండీలు, టైల్సు, పూలకూజాలు, అవీ దాని రాజ్యం. దాంట్లో సాంబారు పోసి దాన్ని పరీక్షించడం అన్యాయం.

స్టూడియో కుమ్మరి దగ్గర కొంటే అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "ఏ కోన్‌లో కాల్చారండీ?" బట్టీలో వేడిని తెలుసుకోవడానికి పెట్టే చిన్న మట్టి శంకువులవి, నిర్ణీత వేడికి మెత్తబడి వంగుతాయి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ జేగర్ 1886లో ఈ పద్ధతిని స్థిరపరిచాడు. ఇందులో ఒక మాయ ఉంది. కోన్ 6 అంటే సుమారు 1220 డిగ్రీలు. కోన్ 06 అంటే సుమారు 1000 డిగ్రీలే. ముందున్న సున్నాను మింగేస్తే రెండు వందల డిగ్రీల తేడా మాయమైపోతుంది. కోన్ 6 గానీ 10 గానీ అయి, లోపలి పూత సాదాగా, నున్నగా ఉంటే నిశ్చింతగా కూరలోకి తెచ్చుకోవచ్చు. 06, 04 అయితే మట్టి ఏది, గ్లేజు ఏది, పరీక్ష చేయించారా అని ఇంకా అడగాలి. ప్రశ్న విని ముఖం చిట్లించేవాడి దగ్గర అలంకార సామాను మాత్రమే కొనండి. సరైన కుమ్మరికి ఈ ప్రశ్నంటే ఇష్టం, అరగంట ఆపకుండా చెబుతాడు.

ఇంటికొచ్చాక అరచెక్క నిమ్మకాయను లోపలి గ్లేజు మీద బోర్లించి రాత్రంతా ఉంచండి. తెల్లారి ఆ చోట మెరుపు తగ్గినా, రంగు మారినా దాన్ని తిండికి వాడొద్దు. మారకపోతే సీసం లేదని రుజువైనట్టు మాత్రం కాదు, పూత గట్టిగానే ఉందని తెలుస్తుంది. సీసం సంగతి ల్యాబే చెప్పాలి.

ధర గురించి గొణుక్కునేవాళ్ళకు ఒక మాట. రెండుసార్లు కాల్చాలి, ఒక్కో కాల్పుకు గంటల తరబడి వేడెక్కించి, అంతకు తగ్గకుండా చల్లార్చాలి. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది, అక్కడ తొందరపడి చల్లార్చితే పాత్ర నిలువునా చీలుతుంది. పచ్చిలో వంకరపోయేవి, బిస్క్‌లో పగిలేవి, గ్లేజు కారి అరకు అంటుకుపోయేవి అన్నీ మిగిలిన కప్పుల ధరలోనే కలుస్తాయి. కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు. ఇక్కడ గుదియ కూడా అక్కర్లేదు, బట్టీ తలుపు ఓ గంట ముందు తీస్తే చాలు.

ఇంట్లో పాత జాడీ ఉన్నవాళ్ళు మాత్రం ఈ వేసవికి కొత్తది కొనకముందు దాన్నోసారి కిందికి దించి చూడండి. మూత అంచున చిన్న పెచ్చు పోయినంత మాత్రాన ఏం కాదు, వాసెన గట్టిగా కట్టుకుంటే సరి. లోపలివైపు గ్లేజు పోయి మట్టి బయటపడితేనో, వేలితో తట్టినప్పుడు ఖంగుమనకుండా బొంగురుగా పలికితేనో ఊరగాయకు సెలవిచ్చి కందిపప్పుకో ఎండుమిరపకాయలకో వాడుకోండి. రెండూ లేకపోతే ఉప్పునీళ్ళు నింపి రెండు రోజులు పాత న్యూస్‌పేపరు మీద కూర్చోబెట్టండి. కాగితం తడవకపోతే, గోడ బయట తెల్లపొర రాకపోతే దాన్ని వేడినీళ్ళతో కడిగి, ఎండలో చుక్క తడి లేకుండా ఆరబెట్టి, మామిడికాయలు తెచ్చుకోవడమే.